పాత పార్టు పారెయ్యకు బాబూ

సందేహం: మాది ఆమదాలవలస. ఇంగ్లండు వచ్చి రెండేళ్లయింది, కొవెంట్రీలో ఉద్యోగం. మొన్న 1973 నాటి ఎంజీబీ కారు కొన్నాను. పైకప్పు మడిచేసే రకం. వెనక బ్రేకు నుంచి ఆయిల్ కారుతోంది, ఇంజను అప్పుడప్పుడు తడబడుతోంది. పార్టులు ఎక్కడ కొనాలో, ఇంట్లో బిగించుకోవచ్చో లేదో తెలియడం లేదు. విజయనగరంలో లేత్ మీద చేయించి పంపిస్తానని నాన్న అంటున్నారు. అంబాసిడర్ సామాను సరిపోతుందని కూడా ఎవరో చెప్పారట. ఏం చెయ్యమంటారు?

బాబూ, నీ ఉత్తరం అందేసరికి నేను విజయనగరంలోనే ఉన్నాను. సిరిమాను పండక్కి వచ్చి ఇంకా కదల్లేదు. ఇరవై ఏడేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నా పాత కార్ల పని నేను మొదట నేర్చుకున్నది ఈ ఊళ్లోనే, స్కూలు సెలవుల్లో ఒక అంబాసిడర్ షెడ్డులో. అందుకని నిన్న ఆ షెడ్డు మేస్త్రి దగ్గరికి వెళ్లి నీ కారు సంగతి చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఏటి బాబూ, పాత ముక్క చేతిలో ఉందా?"

అంబాసిడర్ మాటలో సగం నిజముంది. అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నుంచి. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, నీ కారులోని 1798 సీసీ ఇంజనూ రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్ కుటుంబమే. పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం రెండింట్లోనూ 88.9 మిల్లీమీటర్లే. కానీ సిలిండరు వెడల్పు దాంట్లో 73, నీ దాంట్లో 80 పైచిలుకు. పిస్టన్లు తిప్పే ఇరుసుని క్రాంకు అంటారు. అంబాసిడర్ క్రాంకు మూడు బేరింగుల మీద తిరిగితే, 1964 చివరి నుంచి వచ్చిన ఎంజీబీలది అయిదు బేరింగుల క్రాంకు. అంటే ఇక్కడి మేస్త్రికి నీ ఇంజను గుణం తెలుస్తుంది, శబ్దం విని రోగం చెప్పగలడు. ఆయన దగ్గరున్న సామాను మాత్రం దాన్లో పట్టదు.

లేత్ విషయం కూడా సూటిగా చెబుతాను. స్పేసరు, గేరు లివరు గుండు, బేరింగు దిగ్గొట్టడానికి ఒక గొట్టం, ఇలాంటివి ఇక్కడ చాలా చక్కగా తిప్పిస్తారు. బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్, చక్రం హబ్బు మాత్రం వద్దే వద్దు. పనివాడి చేతిని తక్కువ చెయ్యడం లేదు. ఆ ఇనుము ఏ రకమో, దానికి ఎంత వేడి పెట్టి గట్టిపరిచారో చూసి చెప్పలేం. నువ్వు ఆ కారులో గంటకి అరవై మైళ్ల వేగంతో పోతావు.

పైగా ఆ అవసరమూ లేదు. 1962 నుంచి 1980 దాకా ఎంజీబీలు అయిదు లక్షలకి పైగా తయారయ్యాయి. పాత అచ్చుల మీద కారు బాడీ మొత్తాన్ని ఇప్పటికీ బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు కొత్తగా చేసి అమ్ముతున్నారు. పెట్రోల్‌ని గాలితో కలిపే ఎస్‌యూ కార్బురేటర్లకి సూదులూ జెట్లూ కూడా కొత్తవి దొరుకుతాయి. ఇన్నేళ్లలో ఈ కారుకి పార్టు దొరక్క నేను ఆగిపోయింది లేదు. ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల: సరైనది ఎంచుకోవడంలో, వచ్చినది మంచిదో కాదో తేల్చుకోవడంలో.

ఎంచుకోవడానికి ముందు బానెట్ ఎత్తి, ప్లేటు మీద నంబరు రాసుకో. జీహెచ్ఎన్5 అని మొదలవుతుంది. జీ అంటే ఎంజీ, హెచ్ ఇంజను తరగతి, ఎన్ అంటే రెండు సీట్ల ఓపెన్ కారు, అయిదు దాని వరస. పైకప్పు ఉన్న జీటీ అయితే ఎన్ బదులు డీ ఉంటుంది. వెనక కమాన్లు రెండింటికీ ఒకటి కావు. 1974 చివర్లో రబ్బరు బంపర్లు పెట్టినప్పుడు కారు ఎత్తు కూడా పెంచారు, కాబట్టి ముందు కార్ల స్ప్రింగులు వేరు, తర్వాతవి వేరు. ఇంజను నంబరు విడిగా చూసుకో. యాభై ఏళ్లలో ఎవరైనా వేరే ఇంజను దించి ఉండొచ్చు. బండి పుస్తకంలో ఉన్న ఇంజను నంబరుకీ దానికీ తేడా ఉంటే డీవీఎల్ఏకి, అంటే బళ్ల రిజిస్ట్రేషన్ చూసే అక్కడి ప్రభుత్వ ఆఫీసుకి, తెలియజెయ్యాలి. పుట్టినప్పుడు ఏ రంగు, ఏ చక్రాలు అని తెలుసుకోవాలనుంటే గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లు డబ్బు తీసుకుని సర్టిఫికెట్ ఇస్తారు. మీ ఊరికి దగ్గరే.

ఇక మంచీ చెడూ. ఇంజను తడబడుతోందన్నావు కదా, కార్బురేటర్ జోలికి వెళ్లకముందు ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలున్న రోటర్ ఆర్మ్ చూడు. అరచేతిలో ఇమిడిపోయే బేకలైటు ముక్క అది. నేను ఒకసారి చవగ్గా వచ్చిందని కొత్తది కొని వేశాను. వారం తిరక్కుండా వానలో, ఎం6 రోడ్డు మీద, లారీల మధ్య బండి ఆగిపోయింది. ఇత్తడి రేకుని పట్టి ఉంచే రివెట్ మీదుగా కరెంటు కిందున్న ఇరుసులోకి దిగిపోతోంది, ప్లగ్గుదాకా చేరడం లేదు. నా అదృష్టం, తీసేసిన పాతది డిక్కీలో గుడ్డలో చుట్టి ఉంచాను. అదే తగిలించుకుని ఇంటికొచ్చాను. ఆ తర్వాత రివెట్ లేని ఎర్ర రకం వాడుతున్నాను, మళ్లీ ఆ బాధ లేదు. డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉండే కండెన్సర్ కూడా అంతే, కొత్తదని నమ్మకు. కొత్తది వేశాక బండి పాడైతే ముందు అనుమానించాల్సింది ఆ కొత్త పార్టునే.

పాతది దాచమనడానికి ఇంకో కారణముంది, కొత్తగా వచ్చినవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. స్టార్టరు, లివరు రకం షాకబ్జార్బర్లు లాంటివి అక్కడ ఎక్స్ఛేంజి పద్ధతిలో అమ్ముతారు. బాగుచేసినది నీకు ఇచ్చి, ధర మీద కొంత సర్‌ఛార్జి కట్టించుకుంటారు. నీ పాతది వెనక్కి పంపితే ఆ డబ్బు తిరిగొస్తుంది. చెత్తలో పారేస్తే పోయినట్టే.

ఇప్పుడు నీ బ్రేకు. ఇంట్లో చేసుకోవచ్చు, కానీ జాకీ మీద ఉన్న కారు కిందకి ఎప్పుడూ దూరకు. రెండు స్టాండ్లు కొనుక్కో, గట్టి నేల మీద పెట్టు, ముందు చక్రాలకి అడ్డు పెట్టు. అద్దె ఇల్లయితే ఓనరుని ముందే అడుగు. కారిన ఆయిల్ డ్రెయిన్లో పొయ్యకు, నేరం. ఇంజను ఆయిల్‌ని కౌన్సిల్ రీసైక్లింగ్ కేంద్రంలో తీసుకుంటారు.

ఒకసారికి ఒక వైపే విప్పు. రెండో వైపు నీకు చూసి నేర్చుకునే పుస్తకంలా ఉంటుంది. డ్రమ్ములో దుమ్ముని నోటితోగానీ గాలి పైపుతోగానీ ఊదకు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడువు. డ్రమ్ముని లోపల్నుంచి రాసుకుని ఆపే బ్రేకు షూలు ఆయిల్ తడిస్తే కడిగినా పనికిరావు, రెండు వైపులా కలిపి మార్చాల్సిందే. ఆ షూలని నెట్టే వీల్ సిలిండరు వెనక చిన్న బొడిపె ఉంటుంది. అది బ్యాక్‌ప్లేటు (డ్రమ్ము వెనకుండే రేకు) కన్నంలోంచి అవతలికి వస్తుంది, దాని గాడిలో మూడు కాళ్ల క్లిప్పు ఒకటి కూర్చుని సిలిండరుని పట్టుకుంటుంది. ఎంజీబీ వాళ్లందరికీ చెమట పట్టించే క్లిప్పు ఇదే. స్క్రూడ్రైవరుతో ఒక పక్క నెడితే ఇంకో పక్క ఎగిరిపోతుంది. ముందు హబ్బు అంచుకీ సిలిండరుకీ మధ్య చెక్కముక్క బిగించు, సిలిండరు హబ్బు వైపుకి జారకుండా ఆగుతుంది. తర్వాత క్లిప్పుని బొడిపె మీద పెట్టి, సరిపోయే సాకెట్‌తో మూడు కాళ్లనీ ఒకేసారి సమంగా నెట్టు. టక్కుమని గాడిలో పడుతుంది, ఆ శబ్దం చెవికి తెలుస్తుంది. క్లిప్పులు రెండు మూడు ఎక్కువే తెప్పించుకో. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ పోసి, గాలి పూర్తిగా పోయేదాకా బ్లీడింగ్ చెయ్యి. మొదటిసారి కాబట్టి, రోడ్డెక్కే ముందు తెలిసిన మెకానిక్‌కి చూపించు. నలభై ఏళ్లు దాటిన కారుకి ఎంఓటీ, అంటే ఏటేటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష, అక్కర్లేదని అంటారు, నిజమే. నేను మాత్రం ఏటా డబ్బు కట్టి చేయిస్తాను. నా పిల్లలు కూర్చునే బండి.

పానాల సంగతి మరిచిపోయాను. ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన మిల్లీమీటర్ పానాలు దానికి వాడకు. ఎక్కువ నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా వేస్తే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది. 7/16, 1/2, 9/16 ఉంటే సగం కారు విప్పొచ్చు. పెట్రోల్ పైపులు కూడా ఒకసారి గోటితో నొక్కి చూడు. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోల్ ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయింది, పాత రబ్బరుని అది తినేస్తుంది. ఆర్9 అని అచ్చు ఉన్న పైపు వేసి, సూపర్ గ్రేడ్ ఈ5 పోయించు.

మీ నాన్నగారితో ఫోన్లో మాట్లాడాను. బ్రేకు సిలిండర్లు లేత్ మీద చేయించొద్దన్నాను, కొంచెం చిన్నబుచ్చుకున్నారు. కొడుక్కి ఏదో ఒకటి పంపాలని ఆయన ఆరాటం. అందుకని ఆ క్లిప్పుని సమంగా నెట్టే ఇనప గొట్టం ఒకటి నీకోసం ఇక్కడి లేత్ మీద తిప్పిద్దామని అనుకున్నాం. పనిముట్టే కాబట్టి భయం లేదు. నీ పాత సిలిండరు వెనక బొడిపె వెడల్పు వెర్నియర్‌తో కొలిచి రేపటికల్లా పంపు. శుక్రవారం నేను బయల్దేరేలోగా మీ నాన్నగారు తెచ్చి ఇస్తానన్నారు.