షాంఘై నాన్‌జింగ్ రోడ్డులో అమ్మానాన్నలకు శాకాహారం: నా సమాధానం

గుడ్డు కూడా ముట్టని అమ్మానాన్నలతో నాన్‌జింగ్ రోడ్డులో ఏం తినాలని అడిగారు కదండీ. టెన్షన్ వద్దు, కానీ మెక్‌డొనాల్డ్స్, కేఎఫ్‌సీలను నమ్ముకోకండి, అక్కడి మెనూ మన దగ్గరిలా ఉండదు.

భోజనానికి గాంగ్‌దెలిన్ చాలు. 1922లో మొదలైన శాకాహార హోటల్, పీపుల్స్ పార్క్ పక్కనే, నాన్‌జింగ్ వెస్ట్ రోడ్డులో ఉంది. ప్లేటులో బాతు మాంసంలా కనిపించేది సోయాతో చేసిందే. పెద్దవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే చూడగానే లేచిపోతారు!

పాదచారుల వీధిలో జనం బారులు తీరి కొనే గుండ్రటి వేడి బిళ్లలు పంది మాంసం మూన్‌కేకులు, వాటి జోలికి వెళ్లకండి. అడుగు కరకరలాడేలా వేయించే షెంగ్‌జియాన్ బన్నుల్లోనూ సాధారణంగా అదే ఉంటుంది. షెన్ దాచెంగ్ అనే తినుబండారాల దుకాణం కౌంటరులో ఆకుపచ్చ చింగ్‌త్వాన్ దొరుకుతుంది. బియ్యప్పిండి ముద్ద, కుడుములా మెత్తగా వేలికి అంటుకుంటుంది, లోపల ఎర్ర చిక్కుడు పూర్ణం. అయితే గుడ్డు పచ్చసొన, మాంసం పొడి కలిపిన రకం కూడా అమ్ముతారు. తీపి పూర్ణంలోనూ ఒక్కోసారి పంది కొవ్వు వేస్తారు, అడగకుండా కొనకండి.

నోటితో "వో చీ సూ" అంటే నేను శాకాహారిని అని. మన ఉచ్చారణ వాళ్లకు అర్థం కాదనుకోండి, మాంసం, గుడ్డు, పంది కొవ్వు వద్దని చైనీస్‌లో ఫోన్‌లో రాసి చూపించండి. చైనాలో ఫోన్‌తో డబ్బు చెల్లించే యాప్ అలీపేకి మీ వీసా కార్డు ఇండియాలోనే కలుపుకొని వెళ్లండి, 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు రుసుము పడదు.