మంగలికత్తి, మొండి రాయి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చైనా సహజరాయి తెప్పించుకున్నాను. పెట్టె మీద 12000 గ్రిట్ (కణం ఎంత సన్నదో చెప్పే అంకె, పెద్దదైతే సన్నన) అని ఉంది. తాతగారి నాటి జర్మనీ సోలింగెన్ మంగలికత్తిని దాని మీద రెండు వందల సార్లు నూరినా గడ్డం పీకుతోందే తప్ప తెగడం లేదు. ఈ రాయి వేగంగా కోసేలా చేయొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చేయొచ్చండి. అయితే ముందు కత్తిని చూడాలి, రాయిని తర్వాత. గ్వాంగ్‌షీ ప్రాంతం నుంచి వచ్చే ఈ ముదురు బూడిదరంగు రాయి బాగా గట్టిది, కణం సన్నది. ఆఖరి మెరుగుకు పెట్టింది పేరు. మొద్దుబారిన కత్తికి మొదటి నుంచి పదును తెమ్మంటే మాత్రం దాని వల్ల కాదు. ఆ 12000 అనేది అమ్మేవాళ్లు వేసుకున్న అంకె. గనిలోంచి వచ్చిన రాయికి గ్రిట్ కొలత ఉండదు.

కత్తి అంచుకు రెండు వైపులా పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి. వెన్ను, అంచు రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి రెండు మూడు సార్లు నూరండి. అంచు చివర ఎక్కడైనా సిరా మిగిలిందంటే అక్కడ రాయి అంచును తాకనే లేదు. అలాంటప్పుడు ఈ రాయి మీద వెయ్యిసార్లు నూరినా దండగే. 1000 గ్రిట్ కృత్రిమ నీటిరాయి మీద పిడి వైపు నుంచి మొన దాకా ప్రతిచోటా చేతి వెంట్రుకలు తెగేదాకా నూరండి. తర్వాత 4000, ఆపైన 8000. మీ రాయి వంతు అప్పుడే. 1000 నుంచి నేరుగా దీని మీదికి దూకితే ముతక గీతలు అరగడానికే పూట గడుస్తుంది. నెమ్మది రాయి అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

ఇక రాయి సంగతి. కొత్త రాయి చదునుగా ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పెన్సిల్‌తో గళ్లు గీసి, మందపాటి గాజు పలక మీద 220 వాటర్ పేపర్ పరిచి, నీళ్లు పోస్తూ గళ్లన్నీ చెరిగేదాకా అరగదీయండి. తర్వాత 400, 600 పేపర్లు. రాయి అంచుల పదును కూడా కాస్త కొట్టేయండి, లేకపోతే కత్తికి పెచ్చు లేస్తుంది.

వేగం తెచ్చేది స్లర్రీ. రాయి మీద అర టీస్పూన్ నీళ్లు వేసి, దాంతోపాటు వచ్చిన చిన్న రాతిముక్కతో రుద్దితే సాన మీద గంధం తీసినట్టు పలుచని ముద్ద వస్తుంది, అదే స్లర్రీ. ముక్క లేకపోతే, బాగా వాడి అరిగిన సన్నని డైమండ్ ప్లేటు చాలు. కొత్త ప్లేటు వద్దు: రాయి మీద లోతు గీతలు పెడుతుంది, దాని వజ్రపు రేణువులు ఊడి ముద్దలో కలిస్తే అంచు గీరుకుపోతుంది. ముద్ద పాలలా పలుచగా ఉంటే చాలు.

గట్టి రాయిలో కణాలు బిగుసుకుని ఉంటాయి. వాటి తలలు నునుపెక్కాక ఉక్కును కోయకుండా రుద్దుతాయంతే. స్లర్రీలో విడిపడ్డ కణాలు దొర్లుతూ కొత్త కోణాలతో కోస్తాయి. అదే కణాలు ఎదురొచ్చే అంచును గుద్దుకుని సూక్ష్మంగా మొద్దు చేస్తాయి కూడా. అందుకే స్లర్రీతో మొదలుపెట్టాలి, నీళ్లతో ముగించాలి. ఒక్కో వైపు ఇరవై ముప్పై సార్లు నూరి, రెండు మూడు చుక్కల నీళ్లు కలపండి. మళ్లీ నూరండి, మళ్లీ కలపండి. ఇలా ఐదారు విడతల్లో ముద్ద పలుచబడి వట్టి నీళ్లు మిగులుతాయి. అప్పుడు రాయి కడిగేసి, నీళ్ల మీద కత్తి బరువుతోనే మరో నలభై యాభై సార్లు. ఈ పలుచన చేయడంలో తొందరపడితే పడ్డ శ్రమంతా వృథా.

వేగం కోసం నొక్కడం మాత్రం వద్దే వద్దు. లోపలికి పల్చగా గుల్ల చేసిన కత్తి నొక్కితే వంగుతుంది, వెన్ను అనవసరంగా అరుగుతుంది, అంచు ఒకచోట తగిలి మరోచోట తగలదు. వెన్ను మీద ఒక పొర ఇన్సులేషన్ టేపు వేసేవాళ్లు మొదటి నుంచి చివరి దాకా ఒక్క పొరే ఉంచాలి. మధ్యలో తీస్తే కోణం మారిపోతుంది.

ప్రశ్న: నా దగ్గర పాత ఆర్కన్సా రాయి ఉంది. గాజులా జారుతోంది. దీనికీ స్లర్రీయేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాదు. అమెరికాలోని వాషిటా కొండల్లో దొరికే నోవాక్యులైట్ అనే గట్టి రాయి అది. దాదాపు అంతా క్వార్ట్జే, స్లర్రీ తేలిగ్గా రాదు. డైమండ్ ప్లేటుతో బలవంతం చేస్తే ప్లేటే పోతుంది. దీని వేగం పైతలం గరుకును బట్టి ఉంటుంది. ముందు కిరోసిన్‌తో, తర్వాత వేడి సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి తోమండి. పాత నూనె జిగురు, ఇనుప మసి పోతేనే సగం కోత తిరిగొస్తుంది. తర్వాత ఒక ముఖాన్ని 220 సిలికాన్ కార్బైడ్ పేపర్ మీద తడిగా గరుకు చేయండి, రెండోదాన్ని 600 దాకా నునుపు చేయండి. గరుకు ముఖం మీద నూరి, నునుపు ముఖం మీద ముగించాలి. వాడేకొద్దీ గరుకు పోతుంది, అప్పుడు మళ్లీ చేసుకోవాలి. పొడిగా మాత్రం అరగదీయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. నూరేటప్పుడు కుట్టుమిషన్ నూనె వాడండి. వంటనూనె జిగురుకట్టి రాయిని మూసేస్తుంది.

ప్రశ్న: బెల్జియం పసుపురాయి కొంటే ఈ బాధ తప్పుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలావరకు. ఆ పసుపురాయి పేరు కోటికుల్. ఆర్డెన్ కొండల్లో వీల్‌సామ్ చుట్టుపక్కల దొరికే ఈ రాయిలో గార్నెట్ అనే గట్టి ఖనిజపు కణాలుంటాయి. స్లర్రీతో చురుగ్గా కోస్తుంది, వట్టి నీళ్లతో నెమ్మదిగా మెరుగుపెడుతుంది, ఒకే రాయి రెండు పనులకూ వస్తుంది. ముక్క ముక్కకూ వేగం మారుతుంది కాబట్టి అంచు పూర్తిగా పోయిన కత్తికి 1000 రాయి దగ్గరుంచుకోవడమే మంచిది.

ప్రశ్న: మార్కాపురం పలకరాయి మీద నూరవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: జర్మనీ తురింగియా రాళ్లు కూడా పలకరాతి జాతివే, కాబట్టి ఆలోచన తప్పు కాదు. కానీ పలకరాయి అయితే చాలు, కత్తికి పనికొస్తుందని కాదు. కణం ఒకేలా ఉండాలి. చదును చేసి, స్లర్రీ తీసి, పాత కూరగాయల కత్తితో పరీక్షించండి. భూతద్దంలో చూస్తే సన్నని గీతల మధ్య ఒక్క లోతైన గీత కనిపించినా ఆ రాయి మంగలికత్తికి వద్దు.