సీఏ మధ్యలో ఆపించి కన్సల్టింగ్ ఎంబీఏకి పంపమంటారా?

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత, మందుల షాపు ఉంది. మా అమ్మాయి బీకామ్ ఆఖరి సంవత్సరం. సీఏ ఇంటర్‌లో మొదటి గ్రూప్ పాసైంది, రెండో గ్రూప్ రెండుసార్లు తప్పింది. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ‘బిజినెస్ కన్సల్టింగ్’ ఎంబీఏ సీటు ఉందని, రెండేళ్లకు 18 లక్షలని ఏజెంటు అంటున్నాడు. ఈ వారంలోపు 50 వేలు అడ్వాన్సు కట్టాలట. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో కన్సల్టెంట్‌గా మంచి జీతం తీసుకుంటున్నాడు. ఇంకోపక్క ఏఐ వచ్చి ఆ ఉద్యోగాలు పోతున్నాయనీ అంటున్నారు. సీఏ మేలా, ఎంబీఏ మేలా? పోల్చి చెప్పగలరు.

జవాబు: ముందు ఆ 50 వేలు కట్టకండి. వారంలో అయిపోయే సీటైతే దానికోసం ఏజెంటు కావలి దాకా రాడు.

మీ అసలు దిగులు ఏఐ గురించి కాదనిపిస్తోంది. రెండుసార్లు తప్పిందన్న మాట దగ్గరే ఉంది. మూడోసారీ తప్పితే బంధువులకేం చెప్పాలి, ఈలోగా ‘ఎంబీఏ చేస్తోంది’ అనుకోడానికి ఒకటుంటే బాగుండు అనుకుంటున్నారు. ఆ మాట కోసం 18 లక్షలా? ఇంటర్ రెండో గ్రూప్ ఒక విడతలో పాసయ్యేది చాలాసార్లు దాదాపు ఐదుగురిలో ఒకరే. మొదటి గ్రూప్ గట్టెక్కిన పిల్లకు చదువు రాదనుకోవడం తప్పు. పైగా ఆమె తప్పిన గ్రూప్‌లో ఉన్నవేంటి? కాస్ట్ అకౌంటింగ్, ఆడిటింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌తో కలిపి స్ట్రాటజీ. కన్సల్టింగ్ అంటే సగం అదే. వాటికి భయపడి కన్సల్టింగ్‌కి పోతే అక్కడా ఎదురొచ్చేవి అవే.

ఇక ఆ వృత్తి, అంటే కంపెనీలకు ఫీజు తీసుకుని సలహా చెప్పే కన్సల్టింగ్ సంగతి. ఇన్నాళ్లూ ఈ సంస్థలు నడిచిన పద్ధతి ఇది: పైన ఒక పార్ట్‌నర్, ఆయన కింద ఒకరిద్దరు మేనేజర్లు, అడుగున అరడజను మంది కొత్త పిల్లలు. పని దొరికేది పార్ట్‌నర్ పేరు మీద, బిల్లు పెరిగేది ఈ పిల్లల పనిగంటల మీద. పోటీ కంపెనీల వివరాలు వెతకడం, ఎక్సెల్ లెక్కలు, ఇంటర్వ్యూల నోట్సు, అర్ధరాత్రి దాకా స్లైడ్లు, ఇవే వాళ్ల పనులు. వీటన్నిటికీ మొదటి చిత్తుప్రతి ఇప్పుడు ఏఐ ఇస్తోంది. మెకిన్సీ 2023లోనే ‘లిల్లీ’ అనే ఏఐని తయారుచేసుకుని, తన పాత పనుల్లోంచి కావలసింది వెతికి పెట్టే పని దానికి అప్పజెప్పింది. క్లయింటుకూ ఇది తెలుసు. ఆరుగురు పిల్లల గంటలకు నేనెందుకు కట్టాలి, మొత్తం పనికి ఇంతని చెప్పండి, లేదా ఫలితం కనిపించాక తీసుకోండి అంటున్నాడు. పెద్ద కంపెనీలు సొంత స్ట్రాటజీ టీములు పెట్టుకుని బయటికిచ్చే పనిని తగ్గించుకుంటున్నాయి కూడా. కాబట్టి ముందుగా సన్నబడేది అడుగు మెట్టే. ఆ ఎంబీఏ పిల్లల్ని తయారుచేస్తానంటున్నదీ ఆ మెట్టుకే!

పని మొత్తం మాయమవుతుందని మాత్రం నేననను. 2025 అక్టోబరులో ఆస్ట్రేలియాలో డెలాయిట్, అక్కడి ప్రభుత్వ శాఖకిచ్చిన సుమారు 4 లక్షల 40 వేల ఆస్ట్రేలియన్ డాలర్ల రిపోర్టు విషయంలో కొంత ఫీజు తిరిగివ్వడానికి ఒప్పుకుంది. లేని పరిశోధన పత్రాలు, కోర్టు తీర్పులో లేని మాటలు అందులో ఉన్నట్టు బయటపడింది. తయారీలో ఏఐ వాడామని సంస్థ సవరించిన ప్రతిలో రాసింది. ప్రతి ఆధారాన్నీ తెరిచి చూసే మనిషి విలువ అక్కడ తెలిసింది.

మీ వ్యాపారంలోంచే చెబుతాను. ఎకరం గుంటలో లక్ష రొయ్య పిల్ల వేసి, 80 శాతం బతికి, 50 కౌంట్‌కి (కిలోకు 50 రొయ్యలు తూగే సైజుకి) పట్టుబడి చేస్తే 1,600 కిలోలు. ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టే మేత, 1.5 అనుకుంటే మేత 2,400 కిలోలు. ఏఐని అడిగితే ఈ లెక్కతో బ్యాంకుకు పది పేజీల ప్రాజెక్ట్ రిపోర్టు నిమిషాల్లో ఇస్తుంది. అదే మధ్యలో చావులు మొదలై 60 శాతమే మిగిలితే 1,200 కిలోలు. మేత అదే లెక్కన తగ్గుతుందా? తగ్గదని మీకు తెలుసు. చచ్చినవి అడుగున ఉండిపోతాయి, చెక్‌ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగిలేదాకా రైతు పాత లెక్కకే వేస్తుంటాడు. 2,100 కిలోలు వేశాడనుకోండి, ఎఫ్‌సీఆర్ 1.75కి పోతుంది. రాబడి నాలుగో వంతు పోతే మేత ఖర్చు ఎనిమిదో వంతే తగ్గింది. రిపోర్టులో ఈ తేడా ఎందుకు లేదని అడగగల మనిషికి పని ఉంటుంది. అమెరికా 2025లో సుంకాలు పెంచాక వేరే మార్కెట్లు వెతుక్కుంటున్న ఎగుమతిదారులకు కావలసిందీ ఇలాంటి మనిషే.

మీ బావమరిది కొడుకు మాట. హైదరాబాద్‌లో డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీ అన్నిటికీ పెద్ద ఆఫీసులున్నాయి. అక్కడ చాలామంది చేసేది అమెరికా టీముల ఆడిట్, ట్యాక్స్, రిస్క్, సాఫ్ట్‌వేర్ పని. గౌరవమైన ఉద్యోగాలే. కానీ కార్డు మీద కన్సల్టెంట్ అని ఉన్నంతమాత్రాన కంపెనీ అధిపతికి సలహా చెబుతున్నట్టు కాదు. ఆ అబ్బాయి ఏ పని చేస్తున్నాడో ఎప్పుడైనా అడిగారా, జీతమొక్కటే అడిగారా? మీ అమ్మాయి కూడా రేపు సోమవారం పుణె, గురువారం రాయపూర్, అదీ ఒంటరిగా వెళ్లాలంటే పంపుతారా? ‘ఆడపిల్ల, అంత తిరుగుడు ఎందుకు’ అని అప్పుడు అనేటట్టుంటే ఈ ప్రశ్న ఇక్కడితో ఆపేయండి. ఆ మాట అడ్డుపడే ఇంట్లో ఏ డిగ్రీ కొన్నా ఈ వృత్తిలో ఆమె ఎదగదు.

18 లక్షలు అప్పు తెస్తే, 10 శాతం వడ్డీకి పదేళ్లంటే నెలకు దాదాపు 24 వేలు. చదువుకునే రెండేళ్ల వడ్డీ, హాస్టల్ ఖర్చు దీనికి అదనం. చేతికి 35 వేలొస్తే బెంగళూరులో అద్దెకూ తిండికీ మిగిలేది 11 వేలు. పూచీ, తాకట్టు లేకుండా అప్పిచ్చే పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఆ యూనివర్సిటీ ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే అక్కడే ఒక జవాబు దొరికినట్టు. తర్వాత ఏజెంటుని కాకుండా ప్లేస్‌మెంట్ ఆఫీసుని అడగండి: అత్యధిక ప్యాకేజీ వద్దు, మధ్యస్థం చెప్పండి, బీకామ్ చదివి అనుభవం లేకుండా చేరినవాళ్లలో కన్సల్టింగ్ సంస్థలకు వెళ్లింది ఎందరు, ఏ హోదాలో వెళ్లారు? రాతపూర్వకంగా ఇవ్వమనండి. వాళ్లు నసిగితే అర్థం చేసుకోండి. ఒకవేళ ఎక్కడ చేరినా అసలు సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర వదలొద్దు. కాలేజీలు వాటిని పట్టి ఉంచుకోకూడదని యూజీసీ నిబంధన.

మీరడిగిన పోలిక క్లుప్తంగా: అనుభవం లేని 21 ఏళ్ల పిల్లకు అంతగా పేరులేని చోట చేసిన కన్సల్టింగ్ ఎంబీఏ కంటే, లెక్కకు పూచీ పడగల సీఏ ఇప్పుడు మేలు. ఎంబీఏ చెడ్డదని కాదు. సీఏ అయ్యి రెండు మూడేళ్లు పని చేశాక ఐఐఎంలకు క్యాట్ రాసుకోవచ్చు, ఐఎస్‌బీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ వయసుకి ఆమె ఆలస్యమైనట్టేమీ కాదు. పెళ్లి సంబంధాలు ఆగిపోతాయన్న భయం కూడా మీలో ఉంటే ఉండొచ్చు, దాన్ని ఆమె పరీక్ష హాలులోకి మాత్రం పంపకండి.

ఇప్పుడు చేయాల్సింది. ఆమె మార్కుల షీటు తెప్పించి చూడండి. ఒక పేపర్లో 40 రాక తప్పిందా, అన్నిట్లో 40 దాటినా మొత్తం 50 శాతం చేరక తప్పిందా? మొదటిదైతే ఆ ఒక్క పేపరు బలహీనం. రెండోదైతే ఏదో ఒక పేపర్లో 60 తెచ్చుకునేలా చదవాలి, అది మిగతా వాటిని లాగుతుంది. పరీక్ష ఏడాదికి మూడుసార్లు ఉంది, కాబట్టి ఒక విడత పోతే లోకం మునగదు.

చదువు మధ్యలో రోజుకో గంట మీ ఖాతా పుస్తకం ఆమెకివ్వండి. అరువు మేత తీసుకున్న 40 మంది రైతులను ఎక్సెల్‌లో వేయమనండి: పిల్ల వేసిన తేదీ, ఎన్ని లక్షల పిల్ల, మేత ఎన్ని బస్తాలు, పట్టుబడి ఎంత, బాకీ ఎన్నాళ్లకు తీర్చారు. ఏ రైతుకు అరువు ఆపాలి, ఎవరికి పెంచొచ్చు అని ఒక పేజీలో రాసి మీ ఎదుట నిలబడి చెప్పమనండి. మీరు గట్టిగా వాదించండి. ఇంటర్వ్యూలో చూపించడానికి దీనికి మించిన సర్టిఫికెట్ ఉండదు.

గ్రూప్ అయ్యాక రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌కి (సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణకి) ఇంటికి దగ్గరని ఏదో ఒక ఆఫీసులో వేయకండి. రెండేళ్లూ జీఎస్‌టీ రిటర్నులు, ట్యాలీ ఎంట్రీలే చేయిస్తే ఆమె నేర్చుకునేది ఏఐ చేసే పనే. నెల్లూరు, ఒంగోలు, చెన్నై, ఎక్కడైనా సరే, చేరే ముందు అడగాల్సింది: బ్యాంకు తరఫున సరుకు నిల్వ సరిచూసే స్టాక్ ఆడిట్లకు పిల్లల్ని పంపుతారా, చీమకుర్తి యార్డులో గ్రానైట్ బ్లాకులు స్వయంగా లెక్కబెట్టిస్తారా, బ్యాంకు అప్పుకోసం ఇచ్చే రాబడి, ఖర్చుల అంచనా లెక్కలు (సీఎంఏ డేటా) వాళ్లచేత వేయిస్తారా? స్టైపెండ్ గురించి చివర్న అడగొచ్చు.