టాప్ మార్చకండి, ముందు డ్రెయిన్ చూడండి

బ్రదర్, మడిచే గుడ్డ పైకప్పు, అదే టాప్, ఎక్కడా చిరగలేదు, అయినా వాన పడితే మీ 1995 మజ్డా మియాటా ఓపెన్ టాప్ కారులో సీట్ల వెనక కార్పెట్ తడుస్తోందన్నారు కదా. అది డ్రెయిన్ పనే అయి ఉంటుంది, అంటే టాప్ మీద పడ్డ వాన నీళ్లను కారు కిందికి పంపే గొట్టం పూడుకుపోయి ఉంటుంది. టాప్ మడతపడే చోట, సీటు బెల్టుల వెనక మూలల్లో, రెండు పక్కలా ఒక్కో రంధ్రం ఉంటుంది. అందులో గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి. వెనక చక్రానికి కాస్త ముందు, కారు కిందికి ధారగా రావాలి. రాలేదంటే ఆకులు, మట్టి పేరుకున్నట్టే. గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే లావుపాటి నైలాన్ దారం దూర్చి కదపండి. ఇనుప తీగ మాత్రం వద్దు, లోపలి గొట్టం చిరుగుతుంది. నా కార్లోంచి పిడికెడు పైన్ ఆకులు వచ్చాయి, డికాషన్ రంగు నీళ్లతో సహా! ఇలాగే వదిలేస్తే తలుపుల కింది రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది. అన్నట్టు, టాప్ దించే ముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ తీసి పరుస్తున్నారా? లేకపోతే మడత దగ్గర పగులుతుంది.