మోటారు కాలిందని ఎఫ్‌డీ తీయకండి, ముందు సంపు మూత తీయండి

ప్రశ్న: మాది బోడుప్పల్‌లో జీ ప్లస్ 2 ఇల్లు. పై రెండు పోర్షన్లు కిరాయికి ఇచ్చాం. సంపు మీద 1 హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకే ముక్కగా ఉండేది) మోటారు ఉంది, ఏడేళ్లయింది. ఏడాదిన్నరలో రెండుసార్లు కాయిల్ కాలితే ఒక్కోసారి 2,800 పెట్టి వైండింగ్ (కొత్త తీగ చుట్టించడం) చేయించాను. మధ్యలో, నీళ్లు కారకుండా ఆపే సీల్ మార్చడానికి 900 అయింది. 2,000 లీటర్ల ట్యాంకు నిండటానికి 40 నిమిషాలు పట్టేది, ఈమధ్య 70 నిమిషాలు పడుతోంది. నాలుగు రోజులుగా స్విచ్ వేస్తే గుయ్‌మంటోంది గానీ తిరగట్లేదు. కొత్తది 13,500 అంటున్నారు. ఎఫ్‌డీ తీయాలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టాలా? మెకానిక్ ఏడాదికి 4,800 మెయింటెనెన్స్ కాంట్రాక్టు కూడా అడుగుతున్నాడు.

జవాబు: రెండూ వద్దు, ఇప్పుడప్పుడే వద్దు. ఇప్పటిదాకా పెట్టిన 6,500 పోయిన డబ్బు, దాన్ని లెక్కలోకి తేకండి. ఇకమీద పెట్టే రూపాయి రోగానికి పడుతోందా, పైపూతకు పడుతోందా అన్నదే చూడాలి.

గుయ్‌మంటూ తిరగని మోటారుకు మామూలుగా తిరగడానికి మొదటి ఊపునిచ్చే కెపాసిటర్ పోయి ఉంటుంది, లేదా షాఫ్ట్ (లోపల తిరిగే ఇరుసు) పట్టేసి ఉంటుంది. బోర్డులో ఎంసీబీ (మోటారు మెయిన్ స్విచ్) దించి, వెనక ఫ్యాన్ కవర్ విప్పి, రెక్కను చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీదే. పాతదాని మీద రాసి ఉన్న మైక్రోఫారడ్, వోల్టేజీ చూసి అదే రకం వేయించండి. ఖర్చు కొన్ని వందల్లో తేలుతుంది. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో చార్జి మిగిలే ఉంటుంది కాబట్టి దాని కాళ్లు మీరు ముట్టుకోవద్దు. రెక్క తిరగకపోతే లోపల తుప్పో, బేరింగో పట్టేసినట్టు. ఏదైనా సరే, ‘ఇంకోసారి చూద్దాం’ అని స్విచ్ వేయడం ఆపండి. గుయ్‌మంటున్న ప్రతి నిమిషం కాయిల్ వేడెక్కుతూనే ఉంటుంది.

అసలు సంగతి రెండుసార్లు కాయిల్ కాలడం. ఒకసారి కాలితే వైండింగ్ తప్పు అనుకోవచ్చు, రెండోసారీ కాలిందంటే కారణం కాయిల్ బయట ఉంది. మీ సీల్ ఖర్చు, వైండింగ్ ఖర్చు ఒకే జబ్బుకు రెండు బిల్లులని నా అనుమానం. నల్లా రాని రోజు సంపు ఖాళీ అవుతుంది. పై పోర్షన్‌వాళ్లు అది తెలియక స్విచ్ వేస్తారు. మోటారు నీళ్లు లేకుండా తిరుగుతుంది. సీల్‌ను చల్లబరిచేది ఆ నీళ్లే కాబట్టి అవి లేకపోతే సీల్ మాడుతుంది. మాడిన సీల్ నుంచి నీళ్లు షాఫ్ట్ వెంట బేరింగులోకి, అక్కణ్ణుంచి కాయిల్‌లోకి చేరతాయి. మెకానిక్ కాలిన కాయిల్ మార్చి వెళ్తాడు. నీళ్లు లేకుండా తిరిగే అలవాటు మాత్రం అలాగే ఉంటుంది.

కొత్త మోటారు కొన్నా ఇదే జరుగుతుంది. నీళ్లు లేకుండా నడిపి కాల్చుకుంటే వారంటీ మామూలుగా వర్తించదు కూడా. అందుకే ముందు సంపులో ఫ్లోట్ స్విచ్, లేదా సంపుకూ పై ట్యాంకుకూ సెన్సార్లున్న లెవల్ కంట్రోలర్ పెట్టించండి. సంపులో నీరు తగ్గితే అదే ఆపేస్తుంది, లెవల్ కంట్రోలర్ అయితే పైన నిండినా ఆపేస్తుంది. స్టార్టర్ బాక్సులో, కరెంటు హద్దు దాటితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను మోటారు నేమ్‌ప్లేటు మీదున్న ఆంపియర్లకు సెట్ చేయించండి. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు కాపాడేది ఆ రిలేయే.

ఇక 40 నిమిషాలది 70 ఎందుకైంది? సంపులో పైపు చివర ఉండి, నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ చూడండి. మోటారు బాగయ్యాక రాత్రి ప్రైమింగ్ చేసి, అంటే పంపులో నీళ్లు నిండుగా పోసి, వదిలేయండి. పొద్దున్నే ప్రైమింగ్ ప్లగ్ విప్పితే నీళ్లు అంచుదాకా ఉండాలి. దిగిపోతే ఫుట్‌వాల్వ్ కారుతోంది, లేదా సక్షన్ పైపు జాయింటు గాలి పీలుస్తోంది. సంపు అడుగున బురద పేరుకుంటే వాల్వ్ రెప్ప సరిగా మూసుకోదు, జాలీ కూడా పూడుకుపోతుంది. వాల్వ్ అడుగుకు కనీసం ఓ జానెడు పైన వేలాడాలి. సంపు ఆరునెలలకోసారి కడిగించండి. మనిషి దిగే ముందు మోటారు కరెంటు పూర్తిగా తీసేసి, మూత తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వాలి. వాల్వ్ బాగున్నా నీళ్లు తక్కువే వస్తుంటే ఇంపెల్లర్ (నీళ్లను నెట్టే లోపలి చక్రం) అరిగిందేమో చూపించండి.

ఈ అరగంట ఆలస్యానికీ ఖరీదుంది. 1 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. రోజుకోసారి ట్యాంకు నింపితే నెలకు 15 యూనిట్లు అదనం. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 1,440. కొత్త ఫుట్‌వాల్వ్ తన ఖరీదును కరెంటు బిల్లులోనే తీరుస్తుంది.

కాయిల్ మూడోసారి కాలిందని తేలితే మాత్రం మళ్లీ వైండింగ్ వద్దు, కొత్తదే కొనండి. పదేపదే మాడిన కోర్ (కాయిల్ చుట్టే ఇనుప భాగం) మీద చుట్టిన కాయిల్ ఎక్కువ కరెంటు తాగుతుంది, త్వరగా వేడెక్కుతుంది. షాపువాళ్లు 1.5 హెచ్‌పీ అంటగడతారు. మీ మూడంతస్తులకు 1 హెచ్‌పీ చాలు. నేమ్‌ప్లేటు మీద హెడ్, అంటే నీళ్లు ఎక్కే ఎత్తు, ఎన్ని మీటర్లో చూసుకోండి. ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ అయితే ప్రైమింగ్, ఫుట్‌వాల్వ్ బాధ ఉండదు కానీ అది మునిగేంత నీరు సంపులో ఎప్పుడూ ఉండాలి. నల్లా నీళ్ల మీదే బతికే ఇంటికి నేను మోనోబ్లాక్‌కే ఓటేస్తాను.

కొనాల్సే వస్తే డబ్బు సంగతి. 13,500 కోసం ఎఫ్‌డీ మధ్యలో తీస్తే వడ్డీ కోత పడొచ్చు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా మామూలుగా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, వడ్డీ భాగం మీద కూడా జీఎస్‌టీ. రెండు పోర్షన్ల కిరాయి వస్తోంది కదా, ఈ నెల దాన్లోంచే కట్టేయండి. కిరాయిదారులిచ్చిన అడ్వాన్సు జోలికి మాత్రం పోవద్దు, అది మీ డబ్బు కాదు. ఇకమీద నెలకు 300 చొప్పున విడిగా ఆర్‌డీ వేయండి. కొత్త మోటారు ఎనిమిదేళ్లు నడుస్తుందనుకుంటే నెలకు 140 దానికి, మిగతాది సీళ్లకు, కెపాసిటర్లకు, సంపు కడిగించడానికి.

4,800 కాంట్రాక్టులో విడిభాగాలు, వైండింగ్ కలిసి ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి. కూలి మాత్రమే అయితే ఒక్క మోటారుకు అది దండగ. సెల్లార్ నీళ్లు తోడే మోటార్లున్న అపార్ట్‌మెంట్‌కైతే అర్థం ఉంది.

ఈ రిపేరు బిల్లులు చూపి అద్దె ఆదాయంలో పన్ను తగ్గించుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. కుదరదు. మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, మీరు రిపేరుకు రూపాయి పెట్టినా పెట్టకపోయినా అంతే. బిల్లు వారంటీ కోసం దాచుకోండి.