మేధావులు విమర్శించిన నాయకుడికి ఊరు ఎందుకు ఓటేసింది?

హైదరాబాద్ మేధావులు కేసీఆర్‌ను అంత విమర్శించినా 2018 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో ఆయన పార్టీ టీఆర్ఎస్‌కు 119 సీట్లలో 88 ఎలా వచ్చాయని కొందరు అడుగుతుంటారు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఇక్కడి నుంచి కనిపించింది చెబుతాను.

మేధావులు పాలన తీరు చూశారు: సచివాలయానికి రాని ముఖ్యమంత్రి, 2017లో మూసేసిన, నిరసనలు జరిగే ధర్నా చౌక్, పెరిగే అప్పులు. ఆ విమర్శల్లో నిజముంది. కానీ ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగిపోయిన మా పెద్దమ్మకు ప్రభుత్వమంటే వాకిట్లో నల్లా, నెలనెలా పింఛను. 200 ఉన్న పింఛను 2014లో 1,000 అయింది. నొప్పి మాత్రలకు కొడుకు ముందు చేయి చాపే పని తప్పింది. టీవీలో ఎవరో దాన్ని 'తాయిలం' అంటే ఆమె మనసు చివుక్కుమంది. అలా అన్నవాళ్లు తర్వాత ఏ మంచి మాట చెప్పినా మా ఇంట్లో ఎవరూ వినలేదు.

అలాగని జనం గుడ్డిగా లేరు. పంట పెట్టుబడికి ప్రభుత్వం ఇచ్చిన రైతుబంధు డబ్బు పట్టాదారుకే పడింది, కౌలురైతుకు రాలేదు. ఈ మాట మేధావులూ అన్నారు, కౌలుకు పత్తి వేసే మా చిన్నాయనా అన్నాడు. 2023లో ఉమ్మడి నల్లగొండలోని 12 సీట్లలో 11 కాంగ్రెస్‌కు పోయాయి.