గురగుర సరే, డొక్కలు చూశావా?

చిట్టీ, రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ముక్కులో గురగుర బాగానే వినిపించింది గానీ నాకు కావాల్సింది అది కాదు. మూడు నెలల పిల్లాడికి ముక్కు కాస్త దిబ్బడేసినా ఇల్లంతా వినిపిస్తుంది, పాలు తాగి ఆడుకుంటున్నాడంటే రెండు చుక్కలు సెలైన్ వేస్తే చాలు. వాడి డొక్కలెలా ఉన్నాయో చెప్పు.

లైటేసి, చొక్కా పైకి తీసి చూడు. ఏడుస్తున్నప్పుడూ పాలు తాగుతున్నప్పుడూ కాదు, నిద్రలోనో ఊరికే పడుకున్నప్పుడో. ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టుకుని పొట్ట లేచిన ప్రతిసారీ ఒకటి లెక్కేసుకో. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయకు, చంటిపిల్లలు గబగబా కొన్ని ఊపిర్లు తీసి కొద్ది సెకన్లు ఆగుతారు, లెక్క తప్పుతుంది. రెండు నెలలు నిండని బిడ్డకి నిమిషానికి 60, ఆపైన ఏడాది లోపు 50, ఏడాది దాటితే 40. అంత వచ్చిందంటే ఊపిరి వేగం పెరిగినట్టే, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. మీవాడికి 50 గుర్తుంచుకో.

నాకు మాత్రం అంకె కంటే కంటి చూపు మీదే నమ్మకం. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటపడి లోపలికి పోతోందా, అదే డొక్కలెగరేయడమంటే. అప్పుడిక లెక్కెంతొచ్చినా అనవసరం, బయల్దేరడమే. ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతున్నా, పెదాలూ నాలుకా నీలంగా మారినా, ఊపిరి తీయడం 20 సెకన్లు ఆగినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఇంకా రెండు నెలలు నిండని బిడ్డకైతే దగ్గు లేకపోయినా సరే, జ్వరమొచ్చినా ఒళ్ళు చల్లబడినా ఆసుపత్రే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా పెద్దాడికి ఐదో నెలలో నేనే పొరపాటు చేశాను. అప్పుడు ఏటి మధ్య లంకలో ఉండేవాళ్ళం. రాత్రి వానలో రేవు దాటేదెలా, తెల్లారి మొదటి పడవకి పోదాంలే అని తలుపులు బిగించి సాంబ్రాణి వేశాం. ఆ పొగకి వాడు ఇంకా ఉక్కిరిబిక్కిరయ్యాడు. పాలిస్తే రెండు గుక్కలు తాగి, వదిలేసి, రొప్పి, మళ్ళీ రెండు గుక్కలు. నేనేమో కడుపు నిండిందనుకున్నాను! ఊపిరి తీయాలా పాలు మింగాలా తెలియక వదిలేస్తున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. కాకినాడ పెద్దాసుపత్రిలో ఆరు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు వాడే ఊరూరా తిరిగి రొయ్యల చెరువులకి, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు బిగిస్తున్నాడనుకో, అది వేరే సంగతి.

వదినగారు ఊరుకోరని తెలుసు. సాంబ్రాణి వద్దు, పసుపుకొమ్ము పొగ వద్దు, ముక్కులో ఆముదం చుక్క అసలే వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కర్పూరం రాయకండి. తేనె ఏడాది దాటేదాకా నాకించకూడదు. పక్కింటి పిల్లాడి దగ్గు సిరప్ మిగిలిందని ఎవరైనా తెచ్చిస్తే పారబొయ్యి. ఆవిడకి కోపమొస్తే పెద్దమ్మ చెప్పిందని నా మీదకి తోసెయ్, నేను పడతాను. పాలు మాత్రం కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వు, ఉచ్చ పోసే సార్లు తగ్గాయేమో చూస్తూ ఉండు. మీ మావయ్యగారి చుట్ట వీధరుగు మీదే.

వచ్చేవారం 14 వారాల టీకాలున్నాయి కదా, అందులో న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా రెండో డోసు కూడా ఉంది. కాస్త జలుబుందని మానకు, టీకాలేసే నర్సు ఏఎన్‌ఎంకి చెప్పి వేయించు.

ఇప్పుడు పడుకునే ఉంటాడు, లెక్కేసి అంకె పంపు. 50 వస్తే నాకు పంపుతూ కూర్చోకు, ఆటో ఎక్కాక ఫోన్ చెయ్యి.